పదకొండు కత్తులు, ఒక పంచె

ప్రశ్న: అన్నా, మాది రాజంపేట దగ్గర పల్లె. ఏడేళ్ళుగా నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉద్యోగం. మూడేళ్ళ కిందట కొండల్లో క్యాంపింగ్ మొదలుపెట్టాక కత్తుల మీద ఇష్టం పట్టుకుంది. మడత కత్తులు కాదు, అలుగూ (కత్తిలో కోసే రేకు) పిడిలోపలి ఇనుమూ ఒకే ముక్కగా ఉండేవి. ఇప్పటికి పదకొండు చేరాయి. వాటిలో అమెరికా కత్తుల కంపెనీ కేబార్ వాళ్ళ బెకర్ బీకే2 అంటే ప్రాణం. దాని నల్ల పూత తీసేసి, తోలు ఒర కుట్టించి అందులో పెట్టాను. నెల తర్వాత చూస్తే రెండు పక్కలా ఎర్ర తుప్పు. దానికి మా వైపు ఎర్రచందనం పిడి వేయాలని ఆశ. సంక్రాంతికి ఊరికి పోతున్నాను, రెండు ముక్కలు తెచ్చుకోవచ్చా? నాన్నకూ ఒక కత్తి తీసుకుపోదామనుకుంటున్నాను. ఇంకొకటి, పాత సామాన్ల సంతలో రెండో ప్రపంచ యుద్ధం నాటి కేబార్ కత్తి దొరికింది. దాన్ని రుద్ది కొత్తదానిలా మెరిపించాలని ఉంది. మా ఆవిడ మాత్రం పదకొండు ఎందుకు, ఒక్కటి చాలదా అంటోంది. బాబుకు ఆరేళ్ళు. ఆమె భయం నాకూ అర్థమవుతుంది. ఏం చేయమంటారు?

సమాధానం: అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ. నేనుండేది టెన్నెసీలో, స్మోకీ కొండలకు ఇటు పక్క. నువ్వు అటు పక్క. నా దగ్గరా ఒక బీకే2 ఉంది. దాని పూత నేనూ తీశాను, తుప్పూ చూశాను. ముందు ఆ తుప్పు సంగతి చూద్దాం, అది మన ఉత్తరాలు అయ్యేదాకా ఆగదు.

పూత తీయడం తప్పు కాదు. తీశాక చేయాల్సిన పని సగంలో ఆగింది, అంతే. బీకే2 ఉక్కును 1095 క్రోవ్యాన్ అంటారు. నూటికి ఇంచుమించు 0.95 వంతు కార్బన్, దానికి తోడు చిటికెడు క్రోమియం, వెనేడియం. తుప్పు పట్టని ఉక్కు అనిపించుకోవాలంటే క్రోమియం నూటికి పదకొండు పన్నెండు వంతులైనా ఉండాలి. ఇందులో అంత లేదు కాబట్టే కంపెనీ వాళ్ళు పూత వేసి అమ్ముతారు. ఆ పూత కింద ఉక్కు నున్నగా ఉండదు. వేలిగోరు అడ్డంగా పెట్టి గీసి చూడు, గరగరమంటుంది. ఆ సన్న గుంటల్లో చెమ్మ దాక్కుంటుంది. దానికి తోడు నువ్వు తోలు ఒరలో పెట్టావు. చెట్ల బెరడు కషాయంలో ఊరబెట్టి తయారుచేసిన తోలులో ఆమ్ల గుణం ఉంటుంది, పైగా అది గాలిలో చెమ్మను పీల్చి వదలదు. పూత లేని కార్బన్ ఉక్కును అందులో నెలరోజులు ఉంచడమంటే తడిగుడ్డ చుట్టి పెట్టినట్టే. నడిచేటప్పుడు ఒర నడుముకు ఉండనీ. ఇంటికి రాగానే కత్తిని తీసి విడిగా పెట్టు.

ఇప్పుడు ఆ తుప్పు తీయడం. కత్తిని ఒక చెక్క మీద పడుకోబెట్టి క్లాంపులతో బిగించు. అంచుకు రెండు మూడు పొరల టేపు వెయ్యి, మొనకు కూడా. నాలుగు సున్నాల స్టీల్ ఊలుకు కాస్త మినరల్ ఆయిల్ రాసి రుద్దితే పైపై ఎరుపు వచ్చేస్తుంది. ఆ తర్వాత చిన్న చెక్కముక్కకు గరుకు కాగితం చుట్టి, 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400, 600 దాకా రా. ఒక్కో నంబరుకూ దిక్కు మార్చు. కిందటి నంబరు గీతలు పూర్తిగా పోయాకే తరువాతి కాగితం తీసుకో. ఇక్కడే అందరూ తొందరపడతారు. నాకు రెండు ఆదివారాలు పట్టింది. అద్దంలా చేయాల్సిన పనిలేదు, 600 దగ్గర ఆగితే చాలు.

నున్నగా అయ్యాక కూడా ఉక్కు ఉక్కే, మళ్ళీ తుప్పు పడుతుంది. ఇక్కడ ఒకసారి మీ ఇంటి కత్తిపీటను గుర్తు చేసుకో. దాని అలుగు ఏ రంగు? అరటికాయ, మామిడికాయ, వంకాయ తరిగీ తరిగీ నీలం కలిసిన నలుపుకు తిరిగి ఉంటుంది. మా అమ్మ దానికి ఏనాడూ నూనె రాసి దాచలేదు. కడిగి, కొంగుతో తుడిచి గోడకు ఆనించేది. నలభై ఏళ్ళు అది ఎర్రబడింది లేదు. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా ఊడిపోతూ కింద ఉన్న ఇనుమును మళ్ళీ గాలికి వదిలేస్తుంది. ఆ నల్ల పొర అలా కాదు, ఇనుమును గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. కాయల్లోని పులుపు, వగరు కలిసి చేసే పని అది. తుప్పును పూర్తిగా ఆపలేదు కానీ బాగా నిదానింపజేస్తుంది. ఇక్కడి కత్తుల వాళ్ళు దీన్నే పాటినా అంటారు, వేడి వెనిగర్‌తోనో ఆవాల ముద్దతోనో కావాలని తెప్పిస్తారు.

నేను చింతపండుతో చేశాను. అలుగును సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో జిడ్డు లేకుండా తుడిచాను. నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కటి గుజ్జు తీసి రెండు పక్కలా పూశాను. అరగంటలో అలుగు బూడిద రంగుకు, రెండోసారి పూసేసరికి మబ్బు రంగుకు తిరిగింది. తర్వాత కడిగి, వంటసోడా నీళ్ళతో ఇంకోసారి కడిగి, ఆరబెట్టి నూనె రాశాను. ఒక్క జాగ్రత్త: గుజ్జులో ఉప్పు ఉండకూడదు. పచ్చడికి కలిపిన చింతపండు వాడితే నలుపుకు బదులు ఎర్రటి గుంటలు పడతాయి. ఇదంతా వద్దనుకుంటే ఒక నెల వంటింట్లో ఆ కత్తితోనే ఉల్లిపాయలు, మామిడికాయలు కొయ్యి. అలా వచ్చే రంగు నాకు ఎక్కువ ఇష్టం. ఏ మచ్చ ఏ కాయ వల్ల వచ్చిందో నీకే తెలుస్తుంది.

బెల్ట్ సాండర్ (గరుకు పట్టీ గిర్రున తిరిగే యంత్రం) మాత్రం ఇప్పుడే కొనకు. నా మొదటి కత్తి మొనను నేను ఆ యంత్రం మీదే పాడుచేశాను. వెన్ను (అంచుకు ఎదురు పక్క) దగ్గర కాస్త సన్నం చేద్దామని ఆనించాను. మొన దగ్గర ఉక్కు సన్నం కదా, ఊపిరి తీసుకునేంతలో అక్కడ నెమలికంఠం లాంటి నీలం రంగు పొంగింది. చూడటానికి అందంగా ఉంది. కానీ అప్పటికే ఆ అంగుళం మేర పదును పోయింది. ఈ రకం ఉక్కును గట్టిపరిచాక, పెళుసు తగ్గడానికి ఇంచుమించు 200 డిగ్రీల దగ్గర మళ్ళీ కాస్తారు. అంతకంటే వేడెక్కితే గట్టితనం దిగిపోతూ వస్తుంది. ఎండుగడ్డి రంగు, గోధుమ, ఊదా, ఆ తర్వాత 300 డిగ్రీలకు దగ్గర్లో నీలం. నీలం కనిపించిందంటే అక్కడ ఇక అంచు నిలవదు.

ఆ రంగుల వరస నాకు కొత్త కాదు, అందుకే ఆ తప్పు ఇంకా గుచ్చుకుంటుంది. మా ఊరి కొలిమిలో కమ్మరి తాత కత్తిని ఎర్రగా కాల్చి, అంచు మాత్రం నీళ్ళలో ముంచి తీసేవాడు. వెంటనే ఇసుకరాయితో ఒక్క గీత గీసి తెల్లటి చార చేసేవాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు దిగుతుంటే ఆ చార మీద రంగులు పరుగెత్తేవి. గడ్డిరంగు అంచును తాకే క్షణంలో మళ్ళీ నీళ్ళలో ముంచేవాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు. మేం పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఆ పనిని పదును పెట్టడం అనేవాడు. కత్తి వాడిగా ఉన్నా పదునే, వాన పడ్డాక నేల దున్నడానికి తగిన తేమకు వచ్చినా పదునే. సరైన స్థితికి రావడం అనే ఆ అర్థం నీ బీకే2కి కూడా వర్తిస్తుంది. కంపెనీ వాళ్ళు ఉక్కుకు సరైన పదును పెట్టే పంపారు. నువ్వు చేసే ఏ మార్పూ దాన్ని చెడగొట్టకూడదు. చేత్తో, గరుకు కాగితంతో, నీళ్ళు చల్లుకుంటూ చేస్తే అది ఎప్పటికీ చెడదు.

వెన్ను విషయం ఒక మాట చెప్పి పిడి దగ్గరికి వస్తాను. ఫెర్రో రాడ్ గీసి నిప్పు రాజేసే అలవాటు ఉంటే వెన్ను మూలలను గుండ్రంగా చేయకు. ఆకురాయితో రెండు అంగుళాల మేర సమంగా, మూల నిక్కచ్చిగా ఉండేలా రాసుకో. పూత మీద నిప్పురవ్వలు సరిగా రాలవు, అక్కడ పూత పోవడం లాభమే.

ఎర్రచందనం వద్దు తమ్ముడూ. నీకు అది చిన్నప్పటి నుంచి చూసిన చెట్టని తెలుసు, ఆ ఎరుపు మీద ప్రేమ అర్థమవుతుంది. కానీ రెండు ముక్కలే కదా అని అనుకోకు. ఆ చెట్టు శేషాచలం, నల్లమల, వెలికొండ లాంటి తూర్పు కనుమల దక్షిణపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిగా పెరగదు. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అడవిలో కొట్టిన దుంగను, దాని చెక్కను దేశం దాటించడం నిషేధం. ఇక్కడ దిగాక కూడా వదలరు. వేరే దేశపు చట్టాన్ని మీరి తెచ్చిన కలపను దిగుమతి చేసుకోవడం అమెరికాలో లేసీ చట్టం కింద నేరం. ఉద్యోగం, వీసా మీద బతికే కుటుంబం పిడిచెక్క కోసం ఆ ప్రమాదం తెచ్చుకోకూడదు. చట్టం పక్కన పెట్టినా, 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో ఒక్క రోజే పోలీసు కాల్పుల్లో ఇరవై మంది కూలీలు చనిపోయారు. ఆ చెక్కను నా చేతిలో పట్టుకోవడం నాకు చేతకాదు.

కలపే కావాలంటే మీ కొండల్లోనే నల్ల వాల్‌నట్ ఉంది. ముదురు గోధుమ రంగు, చెక్కడానికి అనువు, ఈ ప్రాంతపు చెట్టు. అవిసె నూనె నాలుగైదు పూతలు వేస్తే చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి బయట ఆరబెట్టు, లేదా నీళ్ళలో ముంచి పారెయ్యి.

అయితే నీకు ఊరి గుర్తు కావాలి. ఆ ఆశ కొట్టిపారేసేది కాదు. దానికి ఎర్రచందనం కంటే మంచిది మీ ఇంట్లో బీరువాలో ఉంది. నాన్నగారి పాత పంచె ఒకటి అడుగు.

కత్తుల పిడులకు మైకార్టా అని ఒక సరుకు వాడతారు, నువ్వు చూసే ఉంటావు. 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ వాళ్ళు కరెంటు పరికరాల్లో వాడటానికి తయారుచేసింది. అసలు విషయం బట్టే. నూలు గుడ్డ, నార గుడ్డ, ఒక్కోసారి కాగితం పొరలు పొరలుగా పేర్చి, రెసిన్‌లో ముంచి, వేడి పెట్టి నొక్కుతారు. ఇంట్లో ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) చేస్తే ఫ్యాక్టరీ సరుకంత గట్టిగా రాదు, కత్తి పిడికి మాత్రం సరిపోతుంది. నా బీకే2 పిడిలో ఉన్నది మా నాన్న పంచె, ఆయన గళ్ళ లుంగీ.

గంజి పూర్తిగా పోయేలా ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టు. ఏడంగుళాలు పొడవు, మూడంగుళాలు వెడల్పు ముక్కలుగా కత్తిరించు. పంచె గుడ్డ పలచన కాబట్టి ఒక్కో పక్కకు ముప్పై పైచిలుకు పొరలు పడతాయి. నేను ప్రతి ఐదు పంచె ముక్కలకు ఒక లుంగీ ముక్క వేశాను. రెండు చదును చెక్కలకు బేకింగ్ కాగితం చుట్టు, లేకపోతే అన్నీ కలిసి ఒకే దిమ్మ అయిపోతాయి. నిదానంగా గట్టిపడే ఎపాక్సీ తీసుకో, అరగంటైనా చేతిలో సమయం ఉండాలి. డబ్బా మీద రాసిన పాళ్ళు గ్రాముల్లో తూచి కలుపు. గ్యారేజీ తలుపు తెరిచి, నైట్రిల్ గ్లవ్స్ వేసుకుని చెయ్యి. పచ్చి ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే, జీవితాంతం అది ఒంటికి పడక దద్దుర్లు వచ్చే వాళ్ళున్నారు. ఒక్కో ముక్క ముంచి, వేళ్ళ మధ్య లాగి, బుడగ లేకుండా పరిచి, దాని మీద ఇంకొకటి. అన్నీ అయ్యాక పై చెక్క పెట్టి క్లాంపులు బిగించు. పక్కల నుంచి రెసిన్ కారడం మొదలైన కాసేపటికి ఆపు. ఇంకా బిగిస్తే పొరల మధ్య ఏమీ మిగలదు, తర్వాత విడిపోతాయి. గిన్నెలో మిగిలిన ఎపాక్సీని అలాగే వదలకు. ముద్దగా ఉంటే వేడెక్కి పొగలు వస్తుంది, రేకు మీద పలచగా పోసి బయట పెట్టు.

మూడు రోజులు ముట్టుకోకు. విప్పాక చూస్తే బల్లముక్కలా, మురికి పసుపుగా ఉంటుంది, నిరాశ పడతావు. రంపంతో కోసి, అంచులు గుండ్రంగా రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి కనిపిస్తుంది. తెల్ల పంచె కాచిన నెయ్యి రంగుకు తిరిగి ఉంటుంది. వంపు ఉన్న ప్రతిచోటా లుంగీ నీలం గీతగా తేలి, కొండ పటంలో ఎత్తులు చూపే గీతల్లా పిడి చుట్టూ తిరుగుతుంది. నా పిడి మీద బొటనవేలు ఆనే చోట ఒక నీలి గీత గుండ్రంగా ముడి పడింది. నేను పెట్టింది కాదు. మరీ మెరిపించకుండా 220 దగ్గర ఆపేశాను. వాన తగిలితే నూలు పోగులు కాస్త లేచి, పట్టు ఇంకా పెరుగుతుంది. దుమ్ము మాత్రం ప్రమాదం. పీ100 మాస్కు లేకుండా రాయకు, వీలైతే తడిపి రాయి.

పిడి ఆకారం ఎలా ఉండాలో కాగితం మీద గీయకు, అడవిలో తెలుసుకో. కంపెనీ ప్లాస్టిక్ పిడికి బొగ్గుపొడి రాసి ఒక గంట పుల్లలు చీల్చు. బొగ్గు ఎక్కడ పూర్తిగా చెరిగిపోయిందో అక్కడ నీ చెయ్యి గట్టిగా ఒరుసుకుంటోందన్నమాట. నాకు చూపుడువేలి మొదట్లో బొబ్బ వచ్చేది. కొత్త పిడిలో అక్కడ మూల తీసేశాను, చిటికెన వేలి దగ్గర కాస్త లావు ఉంచాను. నీ చెయ్యి వేరు, నీ మార్పులు వేరే చోట ఉంటాయి. రంధ్రాల విషయంలో, పిడిలోపలి ఇనుమునే అచ్చుగా వాడు. ముందున్న రంధ్రం వేసి అందులో ఒక పిన్ను దూర్చి, కదలకుండా మిగతావి వెయ్యి. ఇనుముకు కొత్త రంధ్రం పెట్టే ప్రయత్నం చేయకు, గట్టిపరిచిన ఉక్కు, బిట్లు విరుగుతాయి. అలుగు వైపు ఉండే పిడి కొసలను బిగించకముందే నున్నగా పూర్తి చేసుకో. బిగించాక రాస్తే అలుగు మీద గీతలు తప్పవు. జిగురు వద్దు, మరలు చాలు. ఆరు నెలలకొకసారి విప్పి లోపల నూనె రాసుకోవచ్చు.

ఇంత దూరం మార్చు మార్చు అని రాశాను కదా, ఇప్పుడు గట్టిగా వద్దనే మాట. ఆ యుద్ధం నాటి కేబార్‌ను గరుకు కాగితంతో ముట్టుకోకు. ఆ నమూనాను అమెరికా మెరైన్లు 1942 నవంబరులో ఆమోదించారు. ఏడంగుళాల అలుగు, తోలు బిళ్ళలు పేర్చి చేసిన పిడి. అప్పట్లో కేబార్ ఒక్కరే కాదు, కెమిల్లస్, పాల్, రాబ్సన్ వాళ్ళూ చేశారు. పిడి దగ్గర అలుగు మొదట్లో ఉండే అచ్చు అక్షరాలను బట్టి అది ఎవరు చేసిందో, ఎవరి కోసం చేసిందో సేకర్తలు గుర్తుపడతారు. రుద్దితే మొదట పోయేది ఆ అక్షరాలే. దానితోపాటు విలువా పోతుంది. డబ్బు సంగతి వదిలేసినా, ఆ గోధుమ మరకలు, అంచు మీద ఎవరో చేత్తో నూరిన వంకర గీతలు ఇంకొకరి జీవితంలోవి. నీ బీకే2 మీద మచ్చలు నీవి కాబట్టి వాటి మీద నీకు హక్కుంది. దీని మీద లేదు. మెత్తటి గుడ్డకు కాస్త మినరల్ ఆయిల్ రాసి తుడువు. రేగుతున్న ఎర్ర తుప్పు ఉంటే ఆ చోట మాత్రం నూనెతో నానబెట్టి, వేలిగోరుతోనో చెక్కపుల్లతోనో తీయి. తోలు పిడికి నూనె పట్టించకు, మెత్తబడి బిళ్ళలు వదులవుతాయి. మైక్రోక్రిస్టలిన్ మైనం పలచగా రాసి ఊరుకో. ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎంతకు దొరికిందో, అమ్మినాయన ఏం చెప్పాడో కాగితం మీద రాసి దానితోపాటు పెట్టు. పదేళ్ళ తర్వాత ఆ కాగితమే సేకరణకు ప్రాణం.

పదకొండు ఎందుకు అన్న మీ ఆవిడ మాట సరైన ప్రశ్న. మీ రాష్ట్రంలోనే దానికి జవాబు చెప్పినాయన ఉన్నాడు. హొరేస్ కెఫార్ట్ అని, సెయింట్ లూయిస్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసి, అన్నీ వదిలేసి 1904లో స్మోకీ కొండలకు వచ్చి హేజెల్ క్రీక్ ఒడ్డున గుడిసెలో ఉన్నాడు. ఆ కొండలు నేషనల్ పార్క్ కావడానికి గట్టిగా పనిచేసిన వాళ్ళలో ఒకడు. అప్పట్లో అమ్మే దళసరి వేటకత్తులు పుల్ల చెక్కడానికీ, తోలు వలవడానికీ మరీ మొద్దని ఆయన అభిప్రాయం. సన్నటి అలుగుతో, అలంకారం లేని సాదా కత్తి ఒకటి తనకు కావలసినట్టు చేయించుకున్నాడు. ఆ ఆకారం ఈనాటికీ ఆయన పేరు మీదే నడుస్తోంది, కేబార్ వాళ్ళ బీకే62 అదే. నీ బీకే2 పావు అంగుళం మందం. కట్టెలు చీల్చడానికి మేకులా దిగుతుంది, టమోటాను మాత్రం కొయ్యదు, పగలగొడుతుంది. కాబట్టి ఒక్కటి చాలదు, పదకొండూ అక్కర్లేదు. దళసరిది ఒకటి, సన్నది ఒకటి చేతిలో ఉండాలి. సన్నదానికి స్వీడన్‌లో చేసే మోరా చాలు, ఇరవై డాలర్లకు అటూ ఇటూగా వస్తుంది. యుద్ధం కత్తి పెట్టెలో. మిగతా వాటిని వరసగా పేర్చి, గత ఏడాదిలో ఏది అడవికి వచ్చిందో చూడు. రాని వాటిని అమ్ము, ఆ డబ్బు మీ ఆవిడ చేతికి ఇవ్వు. బెకర్ కత్తులను రూపొందించిన ఈథన్ బెకర్ పారిస్‌లో వంట నేర్చుకున్న మనిషి, ఆయన అమ్మమ్మ అమెరికాలో అందరికీ తెలిసిన వంటల పుస్తకం రాసింది. ఈ సంగతి కూడా ఆమెకు చెప్పు. ఆ కత్తి వెనక ఉన్నది వంటింటి మనిషే.

ఆమె భయాన్ని మాటలతో తీసేయలేవు. మన సీమలో కత్తి అన్న మాట వింటే వేటకొడవలే కళ్ళ ముందుకు వస్తుంది, ఆ జ్ఞాపకం లేని ఇల్లు తక్కువ. అందుకే తాళం ముందు. ఉక్కు పెట్టె, లోపల సిలికా జెల్ పొట్లాలు, తాళంచెవి మీ ఇద్దరి దగ్గర. గోడకు తగిలించి చూపించుకోవడం బాబు పెద్దయ్యాక. వాడిని దూరంగా తోసేయకు కూడా. దాచిన వస్తువు మీదే పిల్లలకు చూపు. మోరా వాళ్ళే పిల్లల కోసం మొన గుండ్రంగా, వేలు జారకుండా అడ్డు ఉన్న కత్తి చేస్తారు. దానితో నీ పక్కన కూర్చుని పచ్చి పుల్ల తొక్క తీయనీ. కూర్చుని మాత్రమే, ఎప్పుడూ తన ఒంటికి అవతలి వైపుకే. బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఇంకో సంగతి. మీ రాష్ట్రంలో ఇలాంటి కత్తిని చొక్కా కింద దాచుకుని సొంత స్థలం దాటితే నేరం. పార్కులో విజిటర్ సెంటర్ లాంటి ప్రభుత్వ భవనంలోకి వెళ్తే రెండున్నర అంగుళాలు, అంతకు మించిన అలుగు కారులోనే ఉండాలి.

నాన్నకు తీసుకుపోవాలంటే మోరా తీసుకుపో. నాలుగంగుళాల అలుగు, తోటలో రోజూ పనికొస్తుంది. మొనకు అట్ట చుట్టి, విమానాశ్రయంలో అప్పగించే లగేజీలో పెట్టు, చేతిసంచిలో పొరపాటున కూడా వద్దు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, ఇంటికో వ్యవసాయానికో చేసినవి కాకుండా, తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. మోరా అందులోకి రాదు. పన్నెండోది కొనాలని చెయ్యి లాగితే రాజంపేటలోనే కొను. లారీ పట్టీని కాల్చి మచ్చుకత్తి చేసే కమ్మరి మీ వైపు ఇంకా ఉంటే, ఎదురుగా నిలబడి చేయించుకో. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునే రోజులుండేవి. ఆ చేతులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. నీ పదకొండింటిలో లేని కత్తి అదే.

పంచె అడిగేటప్పుడు చిరిగినదే అడుగు, మంచిది ఇస్తానంటారు. జరీ అంచును కత్తిరించి ఇంట్లోనే ఇచ్చి రా. లోహపు పోగు ఉన్నచోట గుడ్డ రెసిన్ పీల్చదు, అక్కడే పొర విడుతుంది.